నోట రాని ఇంటిపేరు

పేరు మనిషిని పిలవడానికి పుట్టింది. ఇంత చిన్న సంగతి మా లోయలోని పెద్దలకు తెలియదని నేను అనుకోను. తెలిసినా వాళ్ళు దాన్ని మగపిల్లల విషయంలోనే పాటిస్తారు. ఆడపిల్లలు వరసగా పుట్టుకొస్తున్న ఇంట్లో రెండో పిల్లకో మూడో పిల్లకో పెట్టే పేరు ఆ పిల్ల తల మీదుగా ఇంకెవరినో పిలవడానికి పెట్టిన పేరు. బురుల్ గురించి రాయాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఆమెకు జరిగిన అన్యాయాల్లో మొదటిది ఆమె కళ్ళు సరిగ్గా తెరవకముందే జరిగింది.

ఆమె పుట్టిల్లు నది అవతలి పల్లె. తండ్రి గుర్రాల మందలు కాసేవాడు. మొదటి కూతురికి అనారా అని ముద్దుగా దానిమ్మపండు పేరు పెట్టుకున్నారు. రెండో కూతురు పుట్టేసరికి ఆ ముద్దు తగ్గిపోయింది. దానికి జాంగిల్ అన్నారు. పొరబడు అని అర్థం. ఆడపిల్లల్నే పంపాలని పట్టుబట్టిన దేవుడు పొరపాటునైనా ఈసారి మగపిల్లాణ్ణి పంపాలట. దేవుడు పొరబడలేదు. మూడోది పుట్టింది. దానికి బురుల్ అన్నారు. తిరుగు అని అర్థం. అంతవరకూ ఆడవైపు నడిచిన కాన్పులు ఇక మగవైపు తిరగాలని. తరవాత నిజంగానే కొడుకు పుట్టాడు. గొర్రెను కోసి, వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తూ "మా బురుల్ తిప్పిందండీ" అని చెప్పుకున్నారు.

అంటే ఆ పేరుకు అప్పగించిన పని ఆమెకు నడక రాకముందే పూర్తయింది. మిగిలిన జీవితమంతా ఆ పేరుతో ఆమె ఏం చేసుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. జాబు అందిన తరవాత కవరును ఎవరు దాచుకుంటారు?

బడికి వెళ్ళే దారిలో పిల్లలు వెనకనుంచి "బురుల్! బురుల్!" అని కేకలు వేసేవారట. వెనక్కి చూస్తే, "తిరగమంటే తిరిగింది రోయ్!" అని నవ్వు. చూడకపోతే, "పేరుకి తగ్గట్టు లేదేంటే ఇది?" అని నవ్వు. ఎలా ఆడినా ఓడిపోయే ఆట అది. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది, ఒకనాడు వాకిట్లో ఉన్ని విదిలిస్తూ. "ఆ దారిలో మెడ బిగబట్టి నడవడం నేర్చుకున్నా మాస్టారూ. ఇప్పటికీ ఎవరన్నా వెనకనుంచి పిలిస్తే ముందు మెడ బిగుసుకుంటుంది. తరవాతే వినపడుతుంది" అంది.

ఇషెనాలీని పెళ్ళి చేసుకుని ఆమె మా ఊరు వచ్చింది. ఇషెనాలీ మాటలు తక్కువైన మనిషి, గొర్రెల ఉన్ని కత్తిరించడంలో నేర్పరి. వాళ్ళది మా వీధి చివరి ఇల్లు. కోడలు వచ్చిన రోజున మామగారు తెమిర్‌బొలొత్ ఉన్ని తివాచీ మీద కూర్చుని ఆమెను అడిగాడు.

"నీ పేరేంటమ్మా?"

"బురుల్."

"అది పేరా, దారి మలుపులో పాతిన బోర్డా?" అని ఆయన పకపకా నవ్వాడు. తరవాత ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సర్లే, మీ నాన్నకి కొడుకు పుట్టాడుగా. ఇంక నువ్వెటూ తిరగక్కర్లేదు. కూచో బిడ్డా, టీ తాగు."

బతికినంతకాలం ఆయన ఆమెను బిడ్డా అనే పిలిచాడు. తెమిర్‌బొలొత్‌ను నేను గొప్ప మనిషి అనను. పులియబెట్టిన గుర్రప్పాల కుమిస్ ఎక్కువైన రోజున ఇంట్లోవాళ్ళ మీద అరిచేవాడు. కానీ ఒక మనిషి పేరులో ఉన్న అవమానాన్ని చూడగలిగి, దాన్ని నోట అనకుండా ఉండగలిగినవాడు ఆ ఇంట్లో ఆయన ఒక్కడే.

ఆ సాయంత్రమే అత్తగారు కొత్త కోడలిని పొయ్యి పక్కకు పిలిచి నోటికి హద్దులు గీసింది. మామగారి పేరు అనకూడదు. బావగారి పేరు అనకూడదు. మొగుడి పేరు అనకూడదు. వాళ్ళు పోయినా సరే, అనకూడదు. ఆ పేర్లలో కలిసిన మాటలు మరో పనికి కావలసివచ్చినా సరే, అనకూడదు. మామగారి పేరులో ఇనుమూ ఉక్కూ రెండూ ఉన్నాయి. ఇషెనాలీ అన్న జుమాబెక్ పేరులో శుక్రవారం ఉంది. అందుచేత ఆ రోజునుంచీ బురుల్ నోట ఇనుము లేదు, ఉక్కు లేదు, శుక్రవారం లేదు.

మా ఊరి కొట్లో ఆమె బకెట్ కొనడం నేను చూశాను.

"ప్లాస్టిక్‌దా, ఇనపదా?" అన్నాడు కొట్టతను, తెలిసే.

"ప్లాస్టిక్‌ది కాదు."

"మరేది?"

"రెండోది."

"రెండోదంటే ఏది వదినా? దాని పేరు చెప్పు, ఇప్పుడే తీసిస్తా."

"మీ ఆవిణ్ణి ఇటు పిలు. ఆవిడ మీ నాన్న పేరు చెప్తే, నేనూ చెప్తా" అంది బురుల్.

కొట్టంతా ఘొల్లుమంది. బకెట్ వచ్చింది. ఆ నవ్వులో నేనూ కలిశాను. ఆమె మాట చురుకుదనానికి ముచ్చటపడ్డాను. శుక్రవారాన్ని ఆమె "గురువారం మర్నాడు" అనేది. కొడుకు మెదెర్ బడిలో చేరిన కొత్తల్లో వారాల పేర్లు చెప్పమంటే, గురువారం తరవాత గురువారం మర్నాడు వస్తుందని అప్పజెప్పాడు. వేడుకగానే ఉండేది. హద్దులు గీసుకున్న నోరు ఎన్ని పక్కదారులు కనిపెడుతుందో చూస్తే ఎవరికైనా వేడుకగానే ఉంటుంది. ఆ దారులన్నీ మూసుకుపోయే చోటు ఒకటి ఉంటుందని మాకు తట్టలేదు.

ఆ చోటు ఆమె ఇంటిపేరు.

మా ముత్తాతల కాలంలో ఇంటిపేర్లు లేవు. ఏడు తరాల తండ్రుల పేర్లు వరసగా చెప్పగలిగినవాడు మనిషి; చెప్పలేనివాడు దిక్కులేనివాడు. ఆ ఏడుగురిలో ఒక్క తల్లి కూడా ఉండదని వేరే చెప్పాలా? తరవాత రష్యన్ల పాలనలో గుమాస్తాలు వచ్చి, ఇంటి పెద్ద ఎవరని అడిగి, ఆయన పేరుకు తమ భాష తోక ఒకటి తగిలించి, ఇదే మీ ఇంటిపేరు పొమ్మన్నారు. తెమిర్‌బొలొత్ కొడుకులు తెమిర్‌బొలొతొవ్‌లు అయ్యారు. ఆ ఇంటికి వచ్చిన కోడళ్ళు తెమిర్‌బొలొతొవాలు అయ్యారు. ఇందులో ఉన్న కిరాతకం చూడండి. చట్టం ఆమెకు మామగారి పేరును ఇంటిపేరుగా అంటగట్టింది. ఆచారం ఆ పేరును చచ్చినా నోట అనవద్దంది. రెండూ ఒకే మనిషి మీద పడ్డాయి. ఆ రెండింటిలో ఏ ఒక్కటీ రెండోదాన్ని చూసి సిగ్గుపడలేదు. సొంత పేరు చూస్తే ఇంకెవరికో పెట్టుకున్న విన్నపం; ఇంటిపేరు చూస్తే నోటికి నిషేధం. నేనెవరినో చెప్పుకోవడానికి ఈ భూమ్మీద ఆ మనిషికి మిగిలినది ఏమిటి?

ఆమె దానికీ ఒక ఉపాయం పెట్టుకుంది. పాస్‌పోర్టును గుడ్డ సంచిలో మెడకు తగిలించుకుని, ఏ ఆఫీసు కిటికీ దగ్గర ఇంటిపేరు అడిగినా మాట్లాడకుండా లోపలికి తోసేది. చాలామంది ఆమెను మూగది అనుకున్నారు. కొందరు చదువు రానిది అనుకున్నారు. ఆమె దిద్దలేదు.

మూడు చలికాలాల కిందట ఇషెనాలీ కొండ కింది గొర్రెల దొడ్డి దగ్గర గడ్డి వేస్తూ కుప్పకూలిపోయాడు. కాపరులు అతణ్ణి దారిన పోయే లారీ ఎక్కించి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు. కబురు తెలిసి బురుల్ ఇంట్లో కట్టుకున్న బట్టల మీదనే కోటు తగిలించుకుని, రోడ్డు మీద దొరికిన బండి ఎక్కింది. పాస్‌పోర్టు సంచి చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండిపోయింది. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. నా పాత కారు మంచులో మొరాయించింది. ఇంకా ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి ఆమె ఆసుపత్రి కిటికీ ముందు నిలబడి ఉంది. అంతకుముందు అక్కడ జరిగినది బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తరవాత నాకు చెప్పారు.

"ఎవరి కోసం?" అని కిటికీ లోపలి మనిషి అడిగింది.

"మా ఇంటాయన కోసం."

"ఇంటిపేరు?"

బురుల్ మాట్లాడలేదు.

"పోనీ, పేరు?"

"పొద్దున తీసుకొచ్చారమ్మా. గొర్రెల దొడ్డి దగ్గర పడిపోయాడు. పొడుగ్గా ఉంటాడు. ఎడమ చెవి అంచు మంచుకి రాలిపోయి ఉంటుంది."

"తప్పిపోయిన గుర్రం కోసం వచ్చావా అవ్వా? పేరు చెప్పకపోతే ఏ గదని చెప్పను?"

"మా ఇంటాయనమ్మా."

"లోపల పడుకున్నవాళ్ళంతా ఎవరో ఒకరి ఇంటాయనలే. పక్కకి జరుగు, వెనక జనం ఉన్నారు."

బెంచీ మీద ఉన్న ఒక ముసలామెకు సంగతి అర్థమైంది. తనూ ఒక ఇంటి కోడలే గదా. లేచి వచ్చి, "అయ్యో పిచ్చితల్లీ, ఇలా నా చెవిలో చెప్పు. నీ బదులు నేను చెప్తా" అందట. చెవిలో చెప్పాలన్నా చెప్పాలి గదా! బురుల్ ఆ ముసలామె చెవి దగ్గర నోరు పెట్టి నిలబడింది. పెదాలు కదిలాయి. గాలి వచ్చింది గాని మాట రాలేదు.

ఆచారానికి లొంగిపోయిందని ఆమెను వేలెత్తి చూపడం తేలిక. ఆమె ఆ వేళ ఆచారాన్ని పాటించలేదు. దాన్ని కాలదన్నాలనే నిలబడింది. కానీ పెళ్ళినాడు గొళ్ళెం వేసిన తలుపు అది. అవసరం వచ్చిన పూట తోస్తే బిగుసుకుపోయి కూర్చుంది.

నేను వచ్చి కిటికీలోకి వంగి, "ఇషెనాలీ తెమిర్‌బొలొతొవ్" అన్నాను. నాకది ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గది నంబరు చెప్పారు. మేం వెళ్ళేసరికి అతను ఊపిరి తీస్తున్నాడు గాని మనిషిని గుర్తుపట్టే స్థితి దాటిపోయాడు. దుప్పటి సర్దుతున్న నర్సు, "ఇప్పుడా రావడం? ఇందాకటిదాకా తలుపువైపే చూశాడు" అంది. సాయంత్రానికి పోయాడు.

దినం నాడు వాకిట్లో గుడారం వేశారు. లోపల ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పెడుతున్నారు. బయట మగవాళ్ళు మాంసం తింటున్నారు. జుమాబెక్ ఎత్తయిన తెల్లటి ఉన్ని టోపీ సర్దుకుని లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు ప్రభుత్వ గొర్రెల క్షేత్రంలో మేస్త్రీగా పనిచేసినవాడు. గొంతు దించి మాట్లాడడం ఎరగడు.

"మా ఇంటి కోడలిని చూసి నేర్చుకోండి!" అన్నాడు. "మొగుడు లోపల పోతున్నా సరే, పెద్దల పేరు నోట రానిచ్చిందా? రానివ్వలేదు! ఈ కాలం పిల్లలకి చెప్పండి. కోడలంటే అదీ!"

మగవాళ్ళు తలలూపారు. ఎవరో "శభాష్" అన్నారు. ఒక మనిషి చిత్రవధను తీసుకుని, దానికి మెడల్ తగిలించి, అదే మనిషి గుండెకు గుచ్చడం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. నాతోపాటు లోపలున్నవాళ్ళు కూడా విన్నారు. గుడారంలోంచి వస్తున్న శోకాల్లో ఒక గొంతు తెగినట్టు ఆగిపోయింది. అది బురుల్‌ది. ఆ రోజు మళ్ళీ ఆ గొంతు లేవలేదు.

నిరుటి వసంతంలో మెదెర్‌కు మూడో బిడ్డ పుట్టింది. మూడోసారీ ఆడపిల్లే. మెదెర్ అంటే ఆసరా అని అర్థం; ఆ పేరు పెట్టినవాళ్ళ ఆశ ఎంతవరకు తీరిందో నేను చెప్పను. వాడి పెళ్ళాం ఐజాత్ నెమ్మది మనిషి. ఇంటి పెద్దగా పేరు పెట్టే హక్కు జుమాబెక్‌ది. ఆయన పురుటికి ముందే చెప్పేశాడు: ఈసారీ ఆడదే అయితే ఉల్‌బొల్సున్. కొడుకు పుట్టుగాక అని అర్థం.

బిడ్డ చెవిలో పేరు పిలిచే ముందురోజు బురుల్ మా ఇంటికి వచ్చింది. టీ పోస్తే ముట్టలేదు.

"మాస్టారూ, బిడ్డ చెవిలో పేరు పడ్డాక దాన్ని తీసెయ్యడం కుదురుతుందా?"

"కుదరదు. మీకూ తెలుసు."

"పడకముందు ఆపొచ్చా?"

"ఆపొచ్చు. ఆపినవాళ్ళని నేను మటుకు చూళ్ళేదు."

"నా మనవరాలు నాలాగా ఎవరికో రాసిన జాబులా బతకడానికి వీల్లేదు" అని లేచి వెళ్ళిపోయింది. ఏం చేయబోతుందో ఆమెకే తెలియదని నాకు తోచింది.

మరునాడు మెదెర్ ఇంట్లో నిండా చుట్టాలు. పరిచిన గుడ్డ మీద బూరెల్లాంటి బోర్సోక్‌లు గుట్టలుగా పోసి, మధ్యలో వెన్న గిన్నెలు పెట్టారు. వంటింట్లో మాంసం ఉడుకుతోంది. తలుపుకు దూరంగా ఉండే పెద్ద స్థానంలో జుమాబెక్, పక్కన సాతార్ మోల్దో. మోల్దో అంటే మా ఊరి మతగురువు. ఆకలికి ఆగలేని మంచి మనిషి. ఆడవాళ్ళంతా తలుపు పక్కన. ఐజాత్ పొయ్యి దగ్గరి తెర వెనక. బిడ్డను జుమాబెక్ చేతుల్లో పెట్టారు. మోల్దో బిడ్డ చెవిలో అజాన్ చదవడం ముగించి, "పేరేమన్నారు?" అని తల ఎత్తాడు.

"ఉల్‌బొల్సున్" అన్నాడు జుమాబెక్.

"కాదు" అంది బురుల్.

తలుపు పక్కనుంచి వచ్చిన ఆ మాట ఎవరిదో చాలామందికి వెంటనే తెలియలేదు. బావగారి ఎదుట ఆమె అంత పైకి మాట్లాడడం ఎవరూ ఎరగరు.

"ఏంటి కాదు?" అన్నాడు జుమాబెక్, ఆమెవైపు చూడకుండా.

"ఆ పేరు వద్దు బావగారూ."

"ఎందుకొద్దు? నీకు బురుల్ అన్నారు. నీ వెనక తమ్ముడు పుట్టాడా లేదా? పనిచేసిందిగా పేరు!"

"పనిచేసింది. పనైపోయాక పనిముట్టుని ఏం చేస్తారు? కడిగి గోడకి తగిలిస్తారు. నన్ను తగిలించలేదు. ఇన్నేళ్ళూ దానితోనే పిలుస్తున్నారు."

మగవాళ్ళలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఈ పిల్ల బడికెళ్తుంది" అంది బురుల్. "పొద్దున్నే హాజరు పిలుస్తారు. 'కొడుకు పుట్టుగాక!' అని పిలుస్తారు. ఇది లేచి 'వచ్చానండీ' అనాలి. ఎవరొచ్చినట్టు? రోజూ పొద్దున్నే దీని మొహాన, నువ్వు కాదే మాకు కావల్సింది అని చెప్తారా?"

"ఆడపిల్లకి అవన్నీ ఎక్కడ తెలుస్తాయి?" అన్నాడు జుమాబెక్.

"నాకు తెలిశాయి."

"ఒసే, ఊరుకో" అని జుమాబెక్ పెళ్ళాం సోనున్ ఆమె చెయ్యి గుంజింది. తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంటి కోడళ్ళుగా ముసలివాళ్ళయినవాళ్ళు. "పెద్దాయన ఎదట ఏంటే ఆ నోరు?"

"మోల్దో, కానివ్వండి" అన్నాడు జుమాబెక్. "ఉల్‌బొల్సున్!"

మోల్దో బిడ్డ చెవి మీదికి వంగాడు.

"జుమాబెక్!"

మోల్దో వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నలభై ఏళ్ళుగా శుక్రవారాన్ని కూడా శుక్రవారం అనని మనిషి, బావగారిని పేరు పెట్టి, దొడ్డి దాటిపోతున్న పొట్టేలును అదిలించినట్టు పిలిచింది.

సోనున్ చెంపలు వాయించుకుంది. "అయ్యో అయ్యో! నాలుక పుండైపోతుందే నీకు!"

"రేపు పొద్దున మీ ఇంటికొచ్చి చూపిస్తా అక్కా, చూద్దువుగాని" అంది బురుల్, జుమాబెక్ మీదనుంచి చూపు తిప్పకుండానే. "పిలిచాను. ఇల్లు కూలిందా? ఇలాంటి మాటే ఆ రోజు ఆసుపత్రి కిటికీ దగ్గర రాలేదు. మీ తమ్ముడు తలుపుకేసి చూస్తూ చచ్చిపోయాడు. మీరు మాంసం తింటూ దానికి శభాష్ అన్నారు. ఇంకా నా నోరు మంచిది కావాలా మీకు? బిడ్డని ఇటివ్వండి."

జుమాబెక్ ఇవ్వలేదు. బిడ్డను పట్టుకున్న చేతులు ఇంకా బిగిశాయి. పిల్ల ఏడుపు అందుకుంది. అప్పుడు లేచాడు మెదెర్. అంతసేపూ తివాచీ మీది ముగ్గును వేలితో దిద్దుతూ కూర్చున్నవాడు. పెదనాన్న దగ్గరికి వెళ్ళి, పొదివి పట్టుకుని బిడ్డను తీసుకున్నాడు. దీన్ని నేను సాహసం అనను. తండ్రి అన్నవాడు చేయవలసిన వాటిలో కనీసమైనది అది, అదీ ఆలస్యంగా. అయినా చేశాడు.

జుమాబెక్ గుమ్మం పక్కనున్న తన గుర్రపు కొరడా అందుకుని బయటికి నడిచాడు. పెద్దరికానికి మర్యాదగా ఆయనకోసం ఉడికించిన గొర్రె తలకాయ పళ్ళెంలో అలాగే ఉంది.

"ఎవరో ఒకరు ఏదో ఒక పేరు చెప్పండి" అన్నాడు మోల్దో దీనంగా. "మాంసం చల్లారిపోతోంది."

అందరూ బురుల్‌ను చూశారు. ఆమె తెల్లబోయింది. ఏ పేరు వద్దో అన్నదాని మీదే మనసంతా ఉంది గాని, ఏది కావాలో ఆమె ఆలోచించుకోలేదు. తెరవైపు తిరిగింది. "కన్నది నువ్వు. చెప్పు."

తెర వెనకనుంచి ఐజాత్ గొంతు వెంటనే, వినీవినపడకుండా వచ్చింది. "బెర్మెట్."

ముత్యం అని అర్థం. అందులో దేవుడికి విన్నపం లేదు, రాబోయే తమ్ముడికి ఆహ్వానం లేదు. బిడ్డ కడుపులో ఉన్నంతకాలం ఐజాత్ ఆ పేరును తనలో దాచుకుందని, అది తడుముకోకుండా రావడంలోనే తెలిసింది. మోల్దో బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాడు: నీ పేరు బెర్మెట్, నీ పేరు బెర్మెట్, నీ పేరు బెర్మెట్. చెప్పి, చేతులు మొహం మీదుగా దించుకుని, వెంటనే మాంసం వైపు తిరిగాడు.

మరునాడు పొద్దున్నే సోనున్ ఉప్పు అడిగే వంకతో బురుల్ ఇంటికి వచ్చింది. "ఏదీ, చూపించు" అంది గుమ్మంలోనే. బురుల్ నాలుక చాపింది. సోనున్ దాన్ని వెలుతురులో అటూ ఇటూ పరీక్షగా చూసి, ఉప్పు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎప్పుడైనా ఆవిడ తన మామగారి పేరు, ఒంటరిగా ఉన్నప్పుడైనా, అని చూసుకుందో లేదో నాకు తెలియదు.

జుమాబెక్ మెదెర్ ఇంటి గుమ్మం మళ్ళీ తొక్కలేదు. ఊళ్ళో చాలామంది ఆయన పక్షమే. ఆ ఇంట మగపిల్లాడు పుట్టకపోతే నేరం ఎవరి నెత్తిన పడుతుందో ఇప్పుడే తేల్చిపెట్టుకున్నారు. వాళ్ళకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. పుట్టిన పిల్ల ఎదురుగా కేరింతలు కొడుతుంటే, పుట్టని పిల్లాడి కోసం దిగులు పడేవాళ్ళకు ఏ తర్కం ఎక్కుతుంది?

టీకాలు వేయించాల్సి వచ్చినప్పుడు బురుల్‌నూ బిడ్డనూ నా కారులోనే జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. అదే కిటికీ. లోపల అదే మనిషి. ఆమె మాత్రం బురుల్‌ను గుర్తుపట్టలేదు. నేను అలవాటుగా ముందుకు వంగబోయాను. బురుల్ మోచేత్తో నన్ను పక్కకు నెట్టింది.

"బిడ్డ పేరు?"

"బెర్మెట్."

"ఇంటిపేరు?"

ఆమె మెడ బిగుసుకోవడం వెనకనుంచి నాకు కనిపించింది. బిడ్డను ఆ భుజం మీదనుంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. ఒకసారి గొంతు సవరించుకుంది.

"తెమిర్‌బొలొతొవా!"

"అబ్బ! అరవకు అవ్వా, నాకేం చెవుడు లేదు."

"ఇన్నాళ్ళనుంచీ లోపల ఇరుక్కుపోయింది తల్లీ. ఒక్కసారిగా ఊడొచ్చింది. కాస్త ఓర్చుకో" అంది బురుల్.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి బయట గోరీల దగ్గర కారు ఆపమంది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు గనక కంచె బయటే నిలబడింది. మామగారి గోరీవైపు చూసి, "మీ పేరు వాడుకున్నా మామగారూ. మీరు ఏమీ అనుకోరులెండి" అంది. తరవాత పక్కనున్న కొత్త గోరీవైపు తిరిగింది. గాలికి ఎండు గడ్డి ఊగుతోంది. బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతోంది.

"ఇషెనాలీ" అని పిలిచింది. టీ చల్లారిపోతోంది రమ్మని లోపలి గదిలోకి పిలిచేటంత మామూలు గొంతుతో పిలిచింది. ఒక్క క్షణం ఆగి, వినపడలేదేమో అన్నట్టు, ఇంకొంచెం గట్టిగా మళ్ళీ పిలిచింది.